దండోరా నేర్పిన పలకరింపు

పూర్వం ఒక సంస్థానపు రేవులో ఫ్రెంచి వర్తకులు ఎదురుపడితే "బొంజూర్" అని పలకరించుకునేవారు. అది గూఢచారుల సంకేతమని దివానుకు అనుమానం కలిగింది. ఆ మాట పలికితే చెర, నేర్పితే కొరడాదెబ్బలని ఊరూరా దండోరా వేయించాడు.

రేవుకు ఆమడ దూరంలోని పల్లెలో, గొర్రెలు కాసే నూకాలు పొరుగామెను "బొంజూర్" అని పలకరించి దొరికిపోయింది.

"నేర్పినవాడి పేరు చెప్పు, వదిలేస్తాను," అన్నాడు దివాను.

"దండోరా వేసినవాడే బాబయ్యా! ఈ మాట అనొద్దని వీధివీధినా అరిచాడు. అంతకుముందు మాలో ఎవరికీ తెలీదు."

"అనుకున్నా! వాడి వెనక ఎవడున్నాడు?"

"తమరే బాబయ్యా."

కొరడా పట్టుకున్న భటుడు దివాను ముఖంలోకి చూశాడు.

"ముందు దీన్ని ఇంటికి పంపరా!" అన్నాడు దివాను.