కోటిలింగం గారి వేలు

పికప్ బండ్లు పల్లెలకు కొత్తగా వస్తున్న రోజుల్లో రైసుమిల్లు యజమాని కోటిలింగం ఒకటి కొన్నాడు. కొన్నాళ్లకు అది ఇంజను ఆపకుండా నిలబెట్టినప్పుడల్లా దడదడా వణకసాగింది.

"డ్రైవరు ఏసోబు పెట్రోలు కాజేసి కిరసనాయిలు కలిపాడు" అని కూలీలందరి ముందూ అనేసి, అతన్ని పనిలోంచి పొమ్మన్నాడు కోటిలింగం. డబ్బున్నవాడి నోటికి సాక్ష్యం అక్కర్లేదు మరి.

ఏసోబు తలొంచుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. అప్పుడే బండి బాగుచెయ్యడానికి మెకానిక్ సైదమ్మ వచ్చింది. ఇంజను ఆన్ చేసి, బానెట్ ఎత్తి, చెవి పెట్టి వింది.

"పరుగులో కూడా వణుకుతోందా అయ్యా?"

"లేదు. ఆపినప్పుడే."

"కల్తీ అయితే రోడ్డు మీద మాత్రం ఊరుకుంటుందా?"

"నాకు పాఠాలు చెప్పకు. కిరసనాయిలు పోయే ఉపాయం చూడు."

"దానికి మీ చెయ్యే కావాలయ్యా. ఈ గాలి గొట్టం మీద ఇక్కడ వేలు పెట్టండి."

కోటిలింగం ఉంగరాల వేలు పెట్టాడు. వణుకు ఠక్కున ఆగింది.

"మహిమగల వేలు బాబుగారూ. ట్యాంకులో కిరసనాయిలంతా పెట్రోలైపోయింది" అంది సైదమ్మ.

ఆయన ఉలిక్కిపడి వేలు తీశాడు. గొట్టానికున్న చీలిక ఈల వేసింది, ఇంజను మళ్లీ దడదడలాడింది. కూలీలు పగలబడి నవ్వారు.

"కొత్త గొట్టం పట్నంలో దొరుకుతుంది. అందాకా మీరు వేలు పెట్టుకుని బానెట్‌లో కూర్చుంటారా, బండి ఎక్కడా ఆపకుండా ఏసోబును నడపమంటారా?"

కోటిలింగం వేలి మసి పంచెకు తుడుచుకుని గేటు దాకా నడిచాడు.

"తప్పు నాదే ఏసోబూ. వచ్చి ఎక్కు" అన్నాడు, కూలీలందరికీ వినపడేలా.