దొర బిందెకు పరదా

అనగనగా ఒక రాజ్యం. చక్రవర్తిగారి మహాసభలో ఆ రాజ్యానికి ఒక్కటే పీట. దానిమీద ఎవరు కూర్చోవాలో జనమంతా కోట ముందు తలో చింతగింజ వేసి తేల్చాలి. పోటీలో ఇద్దరే: నరసభూపతి దొర, పడవ నడిపే పోలన్న.

పోలన్నకు ఎవరైనా దండం పెడితే చాలు, దొరకు కడుపు మండేది. అందుకే తన ఇత్తడి బిందెనూ, పోలన్న మట్టికుండనూ ఆరుబయట పెట్టించి, ఎవరు ఎందులో వేస్తారో చూడమని పదిమంది కర్రలవాళ్ళను కాపలా నిలబెట్టాడు.

పోలన్న పాత తెరచాప తెచ్చి తన కుండ చుట్టూ కట్టాడు.

"ఏమిట్రా అది?"

"పరదా, దొరా! రాణీవాసం మర్యాద. ఒక్కొక్కరే లోపలికెళ్ళాలి."

దొరకు ఒళ్ళు భగ్గుమంది. పడవవాడి కుండకు రాణీవాసమా? తన బిందె ఎండలో, కాకుల పాలా?

"నా బిందె కూడా లోపల పెట్టండ్రా! వాడి కుండకంటే ముందు!"

"చిత్తం," అంటూ పోలన్నే మోసి పెట్టాడు.

సాయంత్రానికి పోలన్న కుండ పొర్లిపోయింది. దొర బిందెలో గలగలమన్నవి నాలుగే గింజలు.

"నా కర్రలవాళ్ళే పదిమంది కదరా!" అని దొర గుడ్లురిమాడు. కర్రలవాళ్ళందరూ ఒక్కసారిగా ఆకాశంలోకి చూశారు.

"పరదా తమరే అడిగారు దొరా," అన్నాడు పోలన్న. "ఆ నలుగురూ ఎవరో ఇక నాకూ తెలీదు!"