పుట్టెక్కని సుంకన్న

ఊ కొట్టేవాళ్లంతా ముందుకు జరగండి. కొట్టనివాళ్లూ జరగండి, కాసేపటికి మీరే కొడతారు.

తుంగభద్ర మీద వంతెనలు లేని కాలం నాటి మాట ఇది. మా తాతకు వాళ్ల తాత చెప్పాడు. ఆయనకెవరు చెప్పారో ఆయన చెప్పలేదు. ఆ రోజుల్లో ఏరు దాటాలంటే పుట్టి ఎక్కాల్సిందే. పుట్టి అంటే పడవ కాదు, పెద్ద గంపలాంటిది. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున తోలు బిగిస్తారు. అందులో చుట్టూ జనం కూర్చుంటే ఒకడు తెడ్డు వేస్తాడు.

ఆ ఏటి ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో మేదర సుంకన్న. పుట్టీలు అల్లడం ఆయన పని. అల్లిన పుట్టీలు ఎన్నో లెక్కలేదు. ఎక్కింది మాత్రం ఒక్కటీ లేదు. ఎందుకంటే భయం.

ఏరంటేనే భయమా? అబ్బే, అంతటితో సరిపెట్టుకునే మనిషి కాదు. మబ్బు పడితే భయం. మబ్బు విడిచిపోతే భయం. మబ్బే రాకపోతే ఎందుకు రాలేదా అని భయం. పొద్దున లేచింది మొదలు "ఏదన్నా అయితే?" అనేది ఆయన నోటి మాట.

ఊరి పెద్ద నరసారెడ్డి ఏటి దారిన పోతూ రోజూ ఆగేవాడు.

"ఏం సుంకన్నా, వండినోడివి నువ్వే తినకపోతే మేమెట్ల తినాలప్పా?"

"ఏదన్నా అయితే రెడ్డీ?" అనేవాడు సుంకన్న. అని, కట్టిన కట్టునే మూడుసార్లు లాగి చూసేవాడు. అందుకే ఆయన అల్లిన పుట్టిలో చుక్క నీరు ఊరేది కాదు. ఈ సంగతి రెడ్డికీ తెలుసు. అయినా ఎగతాళి చేయకపోతే ఆయనకు అన్నం అరిగేది కాదు.

మరి అంత భయంతో సుంకన్న ఎట్లా బతికాడు? చెబుతాను వినండి. ఆయన దగ్గర మూడు ఉపాయాలుండేవి. భయం గుండెల్లోకి వచ్చిందంటే, మొదట ఊదురుగొట్టంతో పొయ్యి ఊదినట్టు ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదిలేవాడు. తరవాత బద్దల మీద వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అని తడుముకుంటూ పోయేవాడు. అప్పటికీ తగ్గకపోతే పెళ్లాం ఈరమ్మ దగ్గరికి పోయేవాడు.

"మే, నాకు భయమేస్తాంది."

ఈరమ్మ నవ్వేది కాదు. "ఎంత?" అని అడిగేది.

"కుండెడు."

"సరే, కూర్చో." కాసేపు తన పని తాను చేసుకుని మళ్లీ అడిగేది. "ఇప్పుడెంత?"

"చెంబెడు."

"చెంబెడైతే మోసుకోని తిరగొచ్చులే. లే, అన్నం తిను."

భయమైతే పోలేదు. పనైతే ఆగలేదు. అట్లా రోజులు గడిచాయి.

సుంకన్నకు ఒక్కతే కూతురు, మాదమ్మ. ఆమెను ఏటి అవతలి ఊరికి ఇచ్చారు. మాదమ్మకు తొలిచూలు. ఏడో నెల వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, పుట్టింటివాళ్లే పోయి తోడుకొని రావాలి. ఆమెకు అన్నదమ్ములు లేరు. "మా నాయన వస్తేనే వస్తా" అని కబురు పంపింది. అప్పటికి ఏరు కూడా నిండింది. వేసవిలో అయితే ఇసకలో నడిచి దాటేవాడు.

మొదటిరోజు సుంకన్న చీర, రవికగుడ్డ, బెల్లం మూట కట్టుకుని ఏటిదాకా పోయి వెనక్కి వచ్చాడు. ఈరమ్మ మూట దించుకుంది. రెండోరోజు పుట్టిలో ఒక కాలు పెట్టి వెనక్కి వచ్చాడు. ఈరమ్మ మళ్లీ మూట దించుకుంది. మూడోరోజు పొద్దున ఆమే మూట అందించి, "ఇయ్యాల ఎంత?" అంది.

"కాగెడు. కుండ చాలదు."

"ఉండనీ. దాన్నీ ఎక్కించుకోని పో."

సుంకన్న ఎక్కాడు. కళ్లు మూసుకుని బద్దలు తడుముకున్నాడు, ఊపిరి ఊదుకున్నాడు. కళ్లు తెరిచేసరికి అవతలి ఒడ్డు వచ్చింది. భయమైతే పోలేదు. పనైతే ఆగలేదు. మాదమ్మ తండ్రిని చూసి ఏడ్చింది, వెంటనే నవ్వింది.

మర్నాడు తిరుగు ప్రయాణం. పుట్టి నడిపేవాడు బోయ తిప్పన్న. అందులో మాదమ్మ, సుంకన్న, చింతపండు గంపలతో నలుగురు ఆడవాళ్లు, పొరుగూరు పోయి వస్తున్న నరసారెడ్డి. నడి ఏట్లోకి వచ్చేసరికి నీళ్లు ఎర్రబడ్డాయి. ఎగువన వాన పడిందన్నమాట. చూస్తుండగానే వడి పెరిగింది. కొట్టుకొచ్చిన చెట్టుమొద్దు ఒకటి తగిలి పుట్టి గిర్రున తిరగడం మొదలుపెట్టింది.

పుట్టికి తిరగడం ముప్పు కాదు. అందులో మనుషులు లేవడం ముప్పు. మొదట లేచినవాడు ఎవరనుకున్నారు? నరసారెడ్డే. ఆయన్ను చూసి ఇద్దరు ఆడవాళ్లు లేచారు. పుట్టి ఒక పక్కకు ఒరిగింది. అంచు దాటి నీళ్లు లోపలికి వచ్చాయి. మాదమ్మ రెండు చేతులూ కడుపుమీద పెట్టుకుంది.

"భయపడొద్దు! కూర్చోండి!" అని తిప్పన్న అరిచాడు. ఆ అరుపులోనే వాడి భయం అందరికీ వినపడింది. మూడో ఆమె కూడా లేచింది.

సుంకన్న కూతురి కడుపు చూశాడు. ఒరిగిన అంచు చూశాడు. ఇక లాభం లేదనుకుని, పుట్టి అడుగున కూర్చున్నచోటినుంచే గట్టిగా అన్నాడు.

"నాకు భయమేస్తాంది!"

అంత గలాటాలోనూ అందరూ అటు తిరిగారు. మగవాడు అంత బాహాటంగా ఆ మాట అనడం వాళ్లెప్పుడూ వినలేదు. మాదమ్మకు మాత్రం అది పుట్టి పెరిగిన ఇంటి మాట. అలవాటుగా అడిగింది.

"ఎంత నాయనా?"

"బాయెడు తల్లీ."

"నాకు రెండు బాయిలు!" అన్నాడు నరసారెడ్డి, నిలబడే.

"కూర్చోని చెప్పండి రెడ్డీ. నిలబడితే తొణుకుతాది" అన్నాడు సుంకన్న.

రెడ్డి కూర్చున్నాడు. చింతపండు ఆడవాళ్లలో ఒకామె "నాకు చెరువెడుంది" అంటూ కూలబడింది. లేచిన మిగతా ఇద్దరూ తలా ఒక కొలత చెప్పి కూర్చున్నారు. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో వాళ్లకే తెలియలేదు.

"ఇప్పుడు పొయ్యి ఊదినట్టు ఊపిరి ఊదండి. మెల్లగా, పొడుగ్గా" అన్నాడు సుంకన్న. అందరూ ఊదారు.

"మీ ఎనకున్న బద్ద మీద ఏలు పెట్టండి. లెక్కపెట్టండి. లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి." అందరూ లెక్కపెట్టారు. రెడ్డి ఏడు దగ్గర రెండుసార్లు తప్పి మళ్లీ మొదలుపెట్టాడు.

చుట్టూ బరువు సమంగా పడింది. పుట్టి నిలకడకు వచ్చింది. తిప్పన్న తెడ్డు కుదుర్చుకుని, ఏటితో కొట్లాడకుండా వడితోపాటే పోనిచ్చి, కోసెడు దూరం దిగువన మలుపులో ఒడ్డుకు చేర్చాడు. అందరికన్నా ముందు మాదమ్మను దించారు.

రెడ్డి ఇసకలో కూలబడి చాలాసేపు సుంకన్న చేయి వదల్లేదు. "నీకూ భయమేసింది కదప్పా, మరి నువ్వెందుకు లేయలేదు?" అని అడిగాడు.

"నాకది రోజూ ఉండేదే కదా రెడ్డీ. మీకు కొత్త" అన్నాడు సుంకన్న.

రెండు నెలలకు మాదమ్మ ఆడపిల్లను కన్నది. తల్లీ బిడ్డా చల్లగా ఉన్నారు. ఆ మనవరాలిని చూడడానికి సుంకన్న తరవాత ఎన్నిసార్లు ఏరు దాటాడో. దాటిన ప్రతిసారీ వణికాడు. భయమైతే పోలేదు. పనైతే ఆగలేదు. నిండా బతికి, ఒక మధ్యాహ్నం బద్దలు చీలుస్తూ చీలుస్తూ అట్లాగే ఒరిగిపోయాడు.

ఆయన పోయాక ఆ రేవులో ఒక ఆనవాయితీ మొదలైంది. పుట్టి కదిలే ముందు అందరూ కూర్చునేవారు. పొడుగ్గా ఊపిరి వదిలేవారు. వెనకున్న బద్దలు వేలితో తడిమి లెక్కపెట్టేవారు. నరసారెడ్డి బతికున్నన్నాళ్లూ పైకి వినపడేలా లెక్కపెట్టాడట.

ఇప్పుడు ఆ ఏటి మీద వంతెన ఉంది. బస్సులు పోతుంటాయి. పుట్టీలు చేపలు పట్టేవాళ్ల దగ్గర ఒకటో రెండో మిగిలాయి. కానీ ఆ పల్లెలో ఈ రోజుకీ ఎవరూ ఎవరితోనూ "భయపడొద్దు" అనరు. పరీక్షకు పోయే పిల్ల అరచేతులు చెమట పట్టినా, ఆపరేషనుకు పోయే ముసలాయన గుటకలు మింగుతున్నా, పక్కనున్నవాళ్లు కాస్త జరిగి చోటిస్తారు.

"నాకూ వేస్తాంది. రా, కూర్చో" అంటారు.