ముగ్గు గీతల్లో భోజనం

పునాది తవ్వకముందే, సున్నంతో ముగ్గు పోసిన గీతల మధ్య ఇంటివాళ్లందరికీ ఒక పూట భోజనం పెట్టించడం గవర్రాజు మాస్టారి అలవాటు. ఇళ్ల నమూనాలు గీయడంలో తల పండిన మనిషి. బంతిలో ఎవరేం మాట్లాడినా తాను నోరు మెదపకుండా, తినేవాళ్లను చూస్తూ ఉంటారు.

భీమిలి దాటాక సముద్రపు ఒడ్డున జగదాంబ కుటుంబానికి ఇల్లు గీసే పని ఆయన శిష్యురాలు సుభాషిణికి దక్కింది. ఆమెకిదే మొదటి ఇల్లు. నాలుగు వైపులా గోడల్లేని హాలు గీసి, దక్షిణాన ఉన్న పెద్ద బండను కొట్టించేయమంది. జగదాంబ మురిసిపోయింది గానీ, ఆమె అత్తగారు పైడమ్మకు ఒళ్లు మండింది.

"ఏటమ్మా ఇది, ఇల్లా, పందిరా? గోడలెట్టకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చీడమే!" అని తెగేసి చెప్పింది.

సుభాషిణి అంతకన్నా మొండిది. సముద్రాన్ని గోడలతో మూసేసే బదులు పని వదులుకోవడమే నయమనుకుంది. అయినా మనసు ఊరుకోక గురువు దగ్గరికి వెళ్లింది.

"మాస్టారూ, ఇంటిని ఎంతవరకు తెరవొచ్చు?"

"భోజనాలు ఎప్పుడు?" అన్నారాయన. అంతే.

ఆదివారం మధ్యాహ్నం హాలు గీతల నడుమ విస్తళ్లు వేశారు. పప్పు వడ్డించేసరికి దక్షిణపు గాలి లేచింది. ఆకులు ఎగిరాయి, అన్నంలో ఇసుక కరకరలాడింది. పైడమ్మ 'చూశావా' అన్నట్టు చూసింది. సుభాషిణి తన విస్తరికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంతలో ఎవరూ చెప్పకుండానే అందరూ విస్తళ్లు పట్టుకుని లేచి, ఆ బండ చాటున మళ్లీ కూర్చున్నారు. అక్కడ ఆకు కదల్లేదు. పైడమ్మ మారు వడ్డించుకుంది. తినడం అయ్యాక, ఎంగిలి చెయ్యి ఎండిపోతున్నా లేవకుండా అలల వంకే చూస్తూ ఉండిపోయింది.

సుభాషిణి వెళ్లి తన గీతలను తానే కాలితో చెరిపేసింది. ఏడవలేదు. సున్నం బకెట్టు పట్టుకుని బండ దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఈ బండను కొట్టనివ్వను. ఇంటికి ఇటువైపు గోడ ఇదే. మరి మిగతా మూడు వైపులా కూడా కట్టాల్సిందేనా, మాస్టారూ?"

మాస్టారు నింపాదిగా విస్తరి మడిచారు.

"పెద్దావిడ వీపు బండకు పెట్టింది. మొహం ఎటు పెట్టిందో చూడు."