కండువాలు కూర్చున్న సభ

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇవతల ఒక పల్లె, అవతల రాజుగారి పట్నం. ఎండాకాలం ఆ ఏరు మోకాలి లోతే, మీరు కూడా లంగాలూ లాగులూ పైకెత్తుకుని దాటేయొచ్చు. వానాకాలం వచ్చిందా, ఏనుగుని కూడా ఈడ్చుకుపోతుంది. అప్పుడు దాటాలంటే ఉన్నది ఒకే ఒక్క పడవ. ఆ పడవ నడిపేవాడు సింహాద్రి. ఏమర్రా, ఊ కొడుతున్నారా? మీరు ఊ కొట్టకపోతే నా కథ కూడా ఆ పడవలాగే రేవులో ఆగిపోతుంది మరి.

ఆ పల్లెలో అప్పలనరసమ్మ అని ఒకావిడ. ఆవిడ కూతురు గంగమ్మ, కోడలు వరహాలు. గంగమ్మకి అంతకు ముందు ఏడు తొలికానుపు. నొప్పులొచ్చాయి. మంత్రసాని పైడమ్మేమో అవతలి గట్టున ఉంటుంది. ఈ గట్టు మీంచి కేకేశారు. పాపం పైడమ్మ చేతిలో పని చేతిలోనే పడేసి పరుగెత్తుకొచ్చి పడవెక్కింది. పడవ కదల్లేదు. ఎక్కి కూర్చుంది, కదల్లేదు. దిగి తిట్టింది, కదల్లేదు. మళ్ళీ ఎక్కి ఏడ్చింది, అయినా కదల్లేదు. ఎందుకంటే పడవలో కండువాలున్నాయి. ఆవిడ ఇవతలికి చేరేసరికి పొద్దు వాలిపోయింది, బిడ్డ దక్కలేదు.

ఇప్పుడు గంగమ్మ మళ్ళీ నీళ్ళోసుకుంది. వేళ్ళు మడిచి చూస్తే పురుడు శ్రావణంలో పడింది. అంటే ఏరు పోటెత్తే రోజుల్లో అన్నమాట. ఇంక ఆ ఇంట్లో ఎవరికైనా కాలు నిలుస్తుందా? అప్పలనరసమ్మ ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి. గంగమ్మ ఒక పక్కన పడుకుంటే ఇంకో పక్కకి దొర్లుతుంది, లేస్తే కూర్చుంటుంది, కూర్చుంటే లేస్తుంది. ఆకాశంలో చిన్న మబ్బు కనిపిస్తే చాలు, వదినా అటు చూడు అంటుంది. వరహాలు చూసేది మబ్బుని కాదు, రేవుని.

కండువాలేమిటి అమ్మమ్మా అంటున్నావా? అక్కడికే వస్తున్నాను, నన్ను రానీ.

ఆ రాజుగారు మంచివాడే. రాజ్యమంతా ఒక్కడే ఏలలేక, ఊరికొక మనిషిని మీరే ఎంచి పంపండి అన్నాడు. అలా వచ్చినవాళ్ళు సభలో కూర్చుని శాసనాలు చేస్తారు. మొదట్లో వాళ్ళూ మనలాంటి రైతులే. అరక వదిలేసి సభకొస్తే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? అందుకని రాజుగారు రోజుకూలి పెట్టాడు. అది న్యాయమే కదర్రా! కాకపోతే ఒక తప్పు చేశాడు. ఎంత కావాలో, ఏమేం కావాలో మీరే శాసనం చేసుకోండి అనేశాడు. అదుగో, అక్కడ మొదలైంది.

కూలి వచ్చింది కదా, కూలితో పాటు కూడు ఉండాలన్నారు. సభపెద్ద లేచి, కాదనేవాళ్ళున్నారా అని అడిగాడు. పెట్టేది తమకే అయితే ఎవరు కాదంటారు? చేతికర్రతో నేల మీద ఠక్! శాసనం అయిపోయింది. కూడు వచ్చింది కదా, కూట్లోకి కూర ఉండాలన్నారు. కాదనేవాళ్ళున్నారా? లేరు. ఠక్! కూర వచ్చింది కదా, కూర మీదికి నెయ్యి ఉండాలన్నారు. ఠక్! నెయ్యి తిన్నాక నడవలేం, పల్లకీ ఉండాలన్నారు. ఠక్! పల్లకీలో కునుకు పడుతోంది, పట్నంలో విడిది ఉండాలన్నారు. ఠక్! విడిదికి అలవాటు పడ్డాం, ఒక్క ఏడు కూర్చుని లేచిపోయినా బతికున్నంతకాలం కూలి ఉండాలన్నారు. ఏమన్నాడు సభపెద్ద? ఆఁ, ఠక్! మెల్లిగా అనండర్రా, మీ తాతయ్య ఉలిక్కిపడి లేస్తారు.

ఆఖరికి పడవ మీద పడ్డారు. పడవలో సభ్యుడు కండువా వేస్తే ఆ చోటు ఆయనదే, ఆయన వచ్చి ఎక్కేదాకా పడవ కదలకూడదు, కదిలిస్తే పడవ లాగేసుకుంటాం అని ఇంకో ఠక్కు. మన బస్సుల్లో మీ బాబాయి కిటికీలోంచి తువ్వాలు విసరడూ, అదే. కానీ మీ బాబాయి తువ్వాలు వెనకాలే తనూ ఎక్కుతాడు పాపం. వీళ్ళు ఎక్కరే! కండువా పారేసి, పలహారం చేసి, పిచ్చాపాటీ వేసుకుని, బుద్ధి పుడితే వస్తారు. లేకపోతే లేదు.

అలా అలవాటైపోయి సభకి కూడా కండువానే పంపడం మొదలెట్టారు. కుర్చీ మీద కండువా ఉందా, మనిషి వచ్చినట్టే. పల్లకీలో కండువా ఊరేగుతూ పోతుంటే దారిన పోయేవాళ్ళు చెప్పులు విప్పి పక్కకి నిలబడాలి. కండువా ముందు విస్తరి వెయ్యాలి, నెయ్యి వడ్డించాలి. ఈగలు తోలడానికి ఒక మనిషి. నవ్వుతున్నారా? ఆ సభలో పిల్లులు ఎంత బలిశాయో మీకేం తెలుసు!

వరహాలు ముందు సింహాద్రి దగ్గరికే వెళ్ళింది.

"మావా, శ్రావణంలో మా గంగమ్మ పురుడు. ఆ ఒక్క రోజు కండువా పక్కన పెట్టి పడవ తోస్తావా?"

సింహాద్రి తల వంచుకున్నాడు. "తోసేస్తానే కోడలా. తోసిన మర్నాడు పడవ లాక్కుపోతే నా పిల్లలకి నువ్వు పెడతావా కూడు?"

శాసనం చేసిందెవరని వరహాలు అడిగితే సభ అన్నాడు. మార్చాల్సిందెవరని అడిగితే అదీ సభే అన్నాడు. సరే అని చీర కుచ్చెళ్ళు దోపుకుంది. ఏరు ఇంకా మోకాలి లోతులోనే ఉంది. నీళ్ళలో అడుగు పెడుతుంటే అత్త వెనకాల నుంచి ఒకటే గోల, సభలోకి ఆడకూతురివి ఎలా వెళ్తావే, ఏం మాట్లాడతావే అని. ఇంట్లో నీతో మాట్లాడ్డం లేదూ, దానికన్నా కష్టమా అత్తా అనేసి వెళ్ళిపోయింది.

వెళ్ళి చూస్తే ఏముంది? వరసలు వరసలుగా కుర్చీలు, కుర్చీల నిండా కండువాలు. జరీ అంచువి, పట్టువి, గంజి పెట్టినవి. అంత సభలోనూ మనుషులు ఇద్దరే. ఎత్తు పీట మీద కునికిపాట్లు పడుతూ సభపెద్ద. వెనక వరసలో పోలినాయుడని ఒక బక్కచిక్కిన సభ్యుడు. ఆయనకి ఉన్నది ఒకే కండువా. అది పంపిస్తే భుజం మీద వేసుకోడానికి ఇంకోటి లేక, రోజూ తనే వచ్చేవాడు. సభలో పెట్టే భోజనమే ఆయనకి ఆ పూటకి తిండి.

వరహాలు దండం పెట్టి మొర చెప్పుకోవాలంది. సభ్యులు వచ్చినప్పుడు రావమ్మా అన్నాడు సభపెద్ద, కళ్ళు తెరవకుండానే.

"అయితే ఇవాళ సభ జరగడం లేదా బాబూ?"

సభపెద్దకి నిద్ర వదిలింది. జరగలేదంటే ఆ రోజు కూలి ఎవరికీ లేదు, తనకీ లేదు. "ఎవరన్నారు జరగలేదని? నిండు సభ, కనిపించడం లేదూ!"

"కనిపిస్తోంది బాబూ. నిండుగా ఉంది. అయితే నా మొర వినండి."

ఇరుక్కుపోయాడు. చెప్పుకో, గోడలు వింటాయి అన్నాడు. అప్పుడు వరహాలు ఏం అడిగిందో తెలుసా? నేనైతే ఏడువారాల నగలు అడిగేదాన్ని. ఆ పిల్ల అడగలేదు. సభ్యుల కూలి ఎంతో, వాళ్ళకి ఏ సదుపాయం ఉండాలో ఇకమీదట ఊళ్ళ జనం చెప్పాలి, తీసుకునేవాళ్ళు చెప్పకూడదు. మనిషి వస్తేనే వచ్చినట్టు, మనిషి ఎక్కితేనే చోటు. కండువా కోసం పడవ ఆగకూడదు. అంతే అడిగింది.

సభపెద్ద పకపకా నవ్వాడు. నవ్వుతూనే, ఆనవాయితీ కాబట్టి అడిగాడు, కాదనేవాళ్ళున్నారా అని. జరీ కండువా మాట్లాడలేదు. పట్టు కండువా మాట్లాడలేదు. సభపెద్ద మెడ చాచి వెనక వరస వైపు చూశాడు. ఏం పోలినాయుడూ, పడుకున్నావా, నీ నెయ్యన్నం కూడా పోతుందయ్యోయ్ అన్నాడు.

పోలినాయుడు ఎదురుగా ఉన్న విస్తరి వైపు చూశాడు. వేడివేడి అన్నం, మీద నెయ్యి కరుగుతోంది. ఒక్క మాట అంటే చాలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఆ ముసలాయన నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"వినపడింది పెద్దా. నేను కాదనడం లేదు. కర్ర కొట్టు."

కొట్టక ఏం చేస్తాడు? ఠక్!

మర్నాడు చూడాలి ఆ పట్నం! ఏనాడూ సభ మొహం చూడని సభ్యులంతా పల్లకీలు కూడా లేకుండా, పంచెలు ఎగదోపుకుని రాజుగారి దగ్గరికి పరుగులు. అందరికన్నా ముందు జోగిరాజు, లోకంలో ఉన్న జరీ అంతా ఆయన కండువా మీదే ఉంటుంది. మేం ఒప్పుకోలేదు, మాకు తెలీదు, ఇది అన్యాయం అని అరిచాడు. రాజుగారు వరహాలుని పిలిపించాడు. ఆ పిల్ల బెదరలేదు. జోగిరాజుకి దండం పెట్టి మరీ అడిగింది.

"నిన్న తమరు సభలో ఉన్నారా బాబూ, లేరా?"

ఉన్నానంటే ఒప్పుకున్నట్టే. లేనంటే, ఇన్నేళ్ళూ తిన్న కూలి, కూడు, కూర, నెయ్యి అన్నీ కక్కాలి. జోగిరాజు మొహం చూడాలి, చింతకాయ కొరికినట్టు! ఉన్నాను అన్నాడు చివరికి, ఎవరికీ వినపడనంత మెల్లిగా. రాజుగారు కూడా సిగ్గుపడ్డాడు లెండి, ఇన్నాళ్ళూ కండువాలకా నేను జీతం ఇచ్చింది అని.

ఊళ్ళ జనం పోగయ్యారు. కోపం మీద ఉన్నారేమో, అసలు వాళ్ళకి కూలే వద్దు పొమ్మన్నారు కొందరు. వరహాలే ఒప్పుకోలేదు. కూలి లేకపోతే జోగిరాజులే వస్తారు, పోలినాయుళ్ళు ఎలా వస్తారు అంది. నిజమే కదా మరి! కూలి ఉంచారు, భోజనం ఉంచారు, వచ్చిన రోజుకి మాత్రమే. పల్లకీ, విడిది, జన్మంతా కూలి తీసేశారు. నెయ్యి దగ్గర మాత్రం పెద్ద రగడ అయింది. కాస్తంత వెయ్యండి, ముసలాళ్ళకి ముద్ద దిగదు అని ఆడవాళ్ళే వేయించారు.

అయిపోయిందనుకుంటున్నారా? కళ్ళు తెరవండి, అయిపోలేదు. శాసనం పట్నంలో అయింది. భయం రేవులోనే ఉంది.

శ్రావణం వచ్చింది. ఏరు ఎర్రగా, గట్లు ఒరుసుకుంటూ పారుతోంది. ఒక పొద్దున్నే గంగమ్మకి నొప్పులు మొదలయ్యాయి. వరహాలు రేవుకి పరుగెత్తి కేకేసి, అవతలికి కనపడేలా కొంగు ఊపింది. అవతల పైడమ్మ వచ్చి పడవెక్కడం ఇక్కడికి కనిపించింది. పడవ కదల్లేదు. వరహాలు గట్టు మీద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. ఇంట్లోంచి గంగమ్మ కేక. అటు చూస్తే పడవ కదల్లేదు. పడవ బల్ల మీద ఏదో తళుక్కుమంటోంది. జరీ! జోగిరాజు పాత అలవాటు కొద్దీ కండువా విసిరేసి పలహారానికి వెళ్ళాడు. సింహాద్రి పడవ తోసే గెడ పట్టుకుని నిలబడ్డాడు. తొయ్యడు, కూర్చోడు. ఎన్నేళ్ళ భయం, ఒక్క ఠక్కుతో పోతుందా?

అప్పుడు పైడమ్మ లేచింది. ఆవిడ ఏమందో వరహాలుకి వినపడలేదు, తరవాత సింహాద్రే చెప్పాడు. "ఒరేయ్, నువ్వు పుట్టిన రోజున అడ్డం తిరిగావురా. ఈ చేతులతోనే నిన్ను మళ్ళించాను. ఇప్పుడు నువ్వు ఈ పడవ మళ్ళించలేవా?" అందట.

సింహాద్రి కళ్ళు మూసుకుని గెడ వేశాడు. పడవ కదిలింది! జోగిరాజు మూతి తుడుచుకుంటూ వచ్చి, ఆగరా ఆగరా అని మోకాలి లోతు నీళ్ళలోకి దిగి మరీ అరిచాడు. ఏటి హోరులో ఆ అరుపు ఎవరికి వినపడుతుంది? పడవ వంకరగా, ఊగుతూ, నీళ్ళు తాగుతూ వచ్చేసింది. పైడమ్మ గట్టు మీద కాలు పెట్టడం, వరహాలు ఆవిణ్ణి చెయ్యి పట్టి లాక్కుపోవడం, అప్పలనరసమ్మ తలుపు మూసెయ్యడం.

ఆ తరవాత కేర్‌మని ఒక ఏడుపు. ఆడపిల్ల! గొంతు చూస్తే అవతలి గట్టుకి వినపడేంత.

గంగమ్మ సుఖంగా ఉంది, పిల్ల సుఖంగా ఉంది, సింహాద్రి పడవ సింహాద్రి దగ్గరే ఉంది. జోగిరాజు ఆ పూట అదే పడవ రెండో విడతలో జనం మధ్య ఇరుక్కుని కూర్చుని వచ్చాడు, చావలేదు. అందుకనర్రా, ఎవరికైనా కష్టానికి తగ్గ కూలి ఇవ్వాలి, కానీ ఎంత అన్నది తీసుకునేవాళ్ళని అడక్కూడదు. లడ్డూలు ఎన్ని కావాలని నిన్ను అడిగితే ఏం చెప్తావో నాకు తెలీదూ!

కథేమో కంచి దారి పట్టి పోయింది. ఇంక మీరు దుప్పటి లోపలికి పోండి.