స్కానుకు అందని బుడిపె

"చికిత్స సరైనదే అయినా జబ్బు తగ్గడం లేదంటే, రోగి ఎక్కడ మోసం చేస్తున్నట్టు? అది కనిపెట్టడం ఎలాగండీ?" అని ప్రవల్లిక ఒకనాడు తన గురువు డాక్టర్ వేదాద్రిని అడిగింది. కంటి లోపలి తెర, అంటే రెటీనా జబ్బుల వైద్యం నేర్చుకోవడానికి ఆయన దగ్గర చేరిన డాక్టరు ఆమె. ప్రశ్నకు నోటితో జవాబు చెప్పే అలవాటు వేదాద్రి గారికి లేదు. రోగిని పిలవమన్నారు.

రోగి మస్తాన్‌బీ, జాకెట్ల మీద జరీ పని చేసి బతికే మనిషి. ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న ఒక్క కంట్లో, సూటి చూపుకు ఆధారమైన నడిమి భాగం నీరు చేరి వాచింది. సూది బెజ్జం కనబడదు, గీసిన గీత వంకరపోతుంది. ప్రవల్లిక కంట్లో ఇంజెక్షన్లు ఇస్తే వాపు కాస్త దిగేది, మళ్ళీ వచ్చేది. బీపీ అదుపు తప్పితే ఆ వాపు తగ్గదు; ఆవిడ బీపీ మనిషి కదా, మాత్రలు ఎగ్గొడుతోందని ప్రవల్లికకు గట్టి అనుమానం. వేసుకుంటున్నానని ఆవిడ తొణక్కుండా చెబుతుంటే ఆ అనుమానం ఇంకా ముదిరింది. చివరికి కోడలు షాహీనాను పక్కకు పిలిచి, అత్తగారిని ఓ కంట కనిపెట్టమంది. చదువుకున్నవాళ్ళకు అనుమానం వస్తే ఇంతే, దానికి కాపలా మనుషుల్ని కూడా పెట్టుకుంటారు.

మస్తాన్‌బీ కుర్చీలో కూర్చుని మెల్లగా అంది. "సారూ, నా కోడలు మాత్ర మింగిచ్చి నోరు తెరవమంటది. నాలిక కింద గూడా చూస్తది. డాక్టరమ్మే చూడమందంట."

వినేవాళ్ళకు తల దించుకోవాలనిపించే మాట అది. వేదాద్రి గారు మాత్రం ప్రవల్లిక వంక చూడలేదు. చేతి నరానికి రంగు మందు ఎక్కించి, కంటి లోపలి ఫొటోలు తీయించారు. వాపు నడుమ ఉంది కాబట్టి ఆ నడిమి చదరానికే స్కాను తీసి తృప్తిపడడం అక్కడి డాక్టర్లందరి వాడుక. ఆయన "పైకి చూడమ్మా" అన్నారు. ఆ చదరం అంచు దాటాక, ఒక రక్తనాళం మీద పూసంత బుడిపె మెరిసింది. దాని నుంచి రంగు ఊరి, నెమ్మదిగా కిందికి, వాపు దాకా దిగుతోంది.

ప్రవల్లిక నమ్మలేదు. ఈసారి యంత్రాన్ని అనుమానించి ఇంకో ఫొటో తీయించింది. బుడిపె అక్కడే ఉంది.

ఆయన ఆ బుడిపెకు లేజర్ పెట్టారు. నీరు ఇంకడానికి నెలలు పడుతుందనీ, చూపు ఎంత తిరిగొస్తుందో మాట ఇవ్వలేననీ, బీపీ మాత్రలు మానొద్దనీ చెప్పారు. గుమ్మంలో షాహీనా చెయ్యి అందించింది. మస్తాన్‌బీ ఆ చెయ్యి పట్టుకోలేదు, గోడ తడుముకుంటూ వెళ్ళిపోయింది.

"అయితే ఆవిడ మాత్రలు నిజంగా వేసుకుంటున్నట్టేనాండీ?" అంది ప్రవల్లిక.

"నాకు తెలీదు," అన్నారు వేదాద్రి గారు. "ఆ కన్ను నేను చూసుకుంటాను. ఆవిడ పట్టుకోని ఆ చెయ్యి సంగతి నువ్వు చూసుకో, ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి రా."