కొంగ చెప్పిన వరస

భీమిలి అవతల రాళ్లగట్టు ఉంది చూశారూ, అక్కడ సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా రాళ్ల సందుల్లో నీళ్లు గుంటలు కట్టి నిలిచిపోతాయి. అన్నిటికన్నా పైనున్న గుంటలో గురయ్య అనే సన్యాసి పీత చిక్కుకుపోయాడు. ఖాళీ నత్తగుల్లలో కాపురం వాడిది. పున్నమి పోటు వాడిని గుల్లతో సహా ఎత్తి అక్కడ పడేసింది. మళ్లీ అమావాస్య పోటు వచ్చేదాకా అలలు అంత పైకి రావు. ఈలోగా నడిచి పోదామంటే, కాలే రాళ్ల మీద సగం దారిలోనే ఎండిపోతాడు.

పేరుకే సన్యాసి గాని, పక్కన పదిమంది లేకపోతే గురయ్యకి ముద్ద దిగదు. ఆ గుంటలో ఉన్నదల్లా రాయికి అతుక్కుని పువ్వులా కనిపించే ఒక జీవి, సముద్రపు పువ్వు. పలకరిస్తే చాలు, ఆ మహాతల్లి ముడుచుకుపోయేది. పాపం, వాడికి ఏడుపొచ్చేది.

రోజూ వచ్చి మాట్లాడేది ఒక్క కొంగే. గుల్ల పగలగొట్టడం దాని ముక్కు వల్ల కాదు. అందుకని చుట్టరికం కలిపి, అల్లుడూ అంటూ తియ్యగా కబుర్లు చెప్పేది. వాడు ఒంటరిగా కుమిలిపోతున్నాడని కనిపెట్టి, ఒకరోజు అసలు సంగతి ఎత్తింది.

"మీవాళ్లంతా కింది గుంటలో గుల్లలు మార్చుకోడానికి వరస కట్టారు అల్లుడూ. నీకోసమే ఆగారు. గుల్లతో అయితే నిన్ను మోయలేను. వదిలేసి బయటికి రా, ముక్కున పెట్టుకుని దింపేస్తాను."

గురయ్యకి ప్రాణం లేచొచ్చింది. సగం బయటికి వచ్చేశాడు కూడా. ఎందుకో ఆగి, వరసలో ముందెవరున్నారని అడిగాడు.

కొంగకేం తెలుసు? అందరికన్నా బుల్లివాడు ముందున్నాడని, పెద్దవాళ్లు వెనక నిలబడ్డారని ముద్దుగా చెప్పింది.

ఒళ్లు పెరిగి గుల్లలు ఇరుకైనప్పుడు సన్యాసి పీతలు వరస కట్టే మాట నిజమే. కానీ ముందుండేది అందరికన్నా పెద్దవాడు. వాడు కొత్త గుల్లలో దూరితే, వదిలిన గుల్ల వెనకవాడికి, వాడిది ఆ వెనకవాడికి. బుల్లివాడు ముందుంటే ఇంకెవరికీ ఇల్లు దొరకదు. అబద్ధమని గురయ్యకి తెలిసిపోయింది. అయినా ఆ వెర్రి ప్రాణానికి నమ్మాలనే ఉంది.

"సరిగ్గా చూశావా అత్తా?" అని ఇంకోసారి అడిగాడు.

"నా కళ్లతో చూశాను," అంది కొంగ.

గురయ్య గుల్లలోకి ముడుచుకుని పెద్ద డెక్క అడ్డం పెట్టేసుకున్నాడు. కొంగ పొడిచింది, తిట్టింది, బతిమాలింది. చివరికి ముక్కు నొప్పెట్టి రెక్కలు విప్పింది.

లోపల్నుంచి గురయ్య అడిగాడు. "రేపు కూడా వస్తావా అత్తా?"

"వస్తే నిన్ను తినడానికే వస్తాను," అంది కొంగ మంటగా.

"అలాగే రా. తలుపేసుకునే మాట్లాడతాను."

తోడు లేనివాడు పగవాడితోనైనా కబుర్లాడొచ్చు గాని, గడియ మాత్రం తీయకూడదు.